పొద్దున మూడు నిమిషాలు: మన దుమ్ము, మన నీళ్లతో సీప్యాప్ లెక్క

ముందు ఒక చిన్న గుణకారం. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, అంటే స్లీప్ అప్నియాకు డాక్టర్లు రాసే సీప్యాప్ మిషన్ మాస్కుకు సన్నటి రంధ్రాలు ఉంటాయి. మనం వదిలిన గాలి బయటికి పోయే దారి అదే. పీడనం 10 దగ్గర పెట్టుకున్నవాళ్ల మాస్కులోంచి నిమిషానికి సుమారు 30 లీటర్ల గాలి ఇలా పోతూ ఉంటుంది. పోయినంత గాలినీ మిషన్ మళ్లీ గదిలోంచే లాక్కోవాలి. ఏడు గంటల నిద్రకు 30 × 60 × 7, మొత్తం 12,600 లీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టే గాలి దాదాపు 28,300 లీటర్లు. పడకగది గాలిలో సగానికి కాస్త తక్కువ, అగ్గిపెట్టెంత ఫిల్టర్ ముక్కలోంచి ఒక్క రాత్రిలో దూరి వస్తోందన్నమాట.

ఆ గది హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో ఉంటే ఏమవుతుందన్నదే ఈ కథనం. మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో, గాలికి తేమ కలిపే నీళ్ల డబ్బాలో ఏ నీళ్లు పోయాలో రాసే ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లకు మన ఆషాఢం గాలి తెలియదు, మన బోరు నీళ్లు తెలియవు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. జూన్, జులైల్లో పడమటి గాలి లేచిందంటే ఎర్రమట్టి కిటికీ సందుల్లోంచి వచ్చి మంచం కోళ్ల దాకా పేరుకుంటుంది. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పట్టు నూగు అదనం. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ వైపు ఉండేవాళ్లకు పొగ, మసి అదనం.

జబ్బు లెక్క కూడా చూద్దాం. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది, లేదా బాగా తగ్గుతోంది అన్నదాన్ని బట్టి తీవ్రత చెప్తారు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే ఏడు గంటల్లో 210 సార్లు. మిషన్ సరిగా పనిచేస్తే అది గంటకు 5 లోపుకు, రాత్రంతా కలిపి 35 లోపుకు దిగాలి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2023లో ఒక అంచనా వేశారు. పనిచేసే వయసులో ఉన్న భారతీయుల్లో సుమారు 10.4 కోట్ల మందికి ఈ జబ్బు ఉందనీ, అందులో 4.7 కోట్ల మందికి మధ్యస్థం నుంచి తీవ్రమనీ తేల్చారు. ఈ చికిత్స కొత్తదేం కాదు: 1980లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు మొదటి రోగికి ఇలా గాలి పెట్టి చూశాడు, 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. సూత్రం ఈనాటికీ మారలేదు: గొంతు మూసుకుపోకుండా గాలితో తెరిచి ఉంచడం. మారేదల్లా ఆ గాలి ఎంత శుభ్రంగా వస్తోందన్నదే.

మొదట ఫిల్టర్. ఒక ప్రముఖ కంపెనీ పుస్తకం నెలకోసారి చూడమనీ, కనీసం ఆరు నెలలకోసారి మార్చమనీ చెప్తుంది. మరో కంపెనీ సన్న ఫిల్టర్‌ను 30 రోజులకే పారేయమంటుంది. మొదటి పుస్తకంలోనే ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ చదవరు: దుమ్ముతో మూసుకుపోతే ఇంకా ముందే మార్చాలి. మన ఊళ్లకు వర్తించేది ఆ మాట. కొత్త ఫిల్టర్‌నూ, నెల రోజులు వాడిన ఫిల్టర్‌నూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఎండాకాలం చివర్లో వాడినది బూడిద రంగులో కాదు, ఇటుక రంగులో కనిపిస్తుంది. అంచుల్లో తెల్లగా, మధ్యలో ఎర్రగా, గాలి ఎటునుంచి దూరిందో బొమ్మ గీసినట్టు తెలుస్తుంది. నా మాట అడిగితే, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా 15 రోజులకోసారి చూసి నెలకోసారి మార్చడం, మిగతా కాలంలో నెలకోసారి చూడడం సరిపోతుంది. మగ్గం ఉన్న గదిలో పడుకునేవాళ్లు ఏడాది పొడవునా మొదటి లెక్కే పాటించాలి. వీలుంటే మంచాన్ని వేరే గదికి మార్చుకోవడం ఇంకా మేలు.

ఈ తెల్ల ఫిల్టర్‌ను కడగకూడదు. తడిస్తే పోగులు విడిపోయి దుమ్ము లోపలికి వెళ్తుంది. కొన్ని మిషన్లకు నల్లటి స్పాంజి ఫిల్టర్ ఇంకోటి ఉంటుంది. దాన్ని రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి.

మిషన్‌ను నేల మీద పెట్టొద్దు. అడుగున్నర ఎత్తు స్టూలు చాలు, నేల ఊడ్చినప్పుడు లేచే దుమ్ము కొంత తప్పుతుంది. అయితే తలకన్నా కిందే ఉండాలి, లేకుంటే గొట్టంలో చేరిన నీళ్లు మొహం మీదికి వస్తాయి. దోమల చుట్ట, సాంబ్రాణి, అగరొత్తుల పొగ ఆ గదిలో వద్దు. ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది గానీ వాసనను, పొగలోని వాయువులను ఆపలేదు. శుక్రవారం సాంబ్రాణి వేసే ఇళ్లలో ఆ కాసేపు మిషన్‌కు శుభ్రమైన గుడ్డ కప్పి పక్క గదిలో పెట్టినా చాలు.

ఇక నీళ్లు. అసలు కథ ఇక్కడుంది. మన ప్రాంతంలో నీళ్ల గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా ఊళ్లకు పైపులు వేసే దాకా ఫ్లోరైడ్ నీళ్లే దిక్కయిన పల్లెలు ఎన్నో. ఇవాళ పట్టణాల్లో కుళాయి వస్తున్నా, రాని రోజున బోరే ఆధారం. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి గార కట్టడం ప్రతి వంటింట్లోనూ చూసేదే.

భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోతే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లలో 1,200 ఉన్నాయనుకుందాం. మిషన్ నీళ్ల డబ్బాలో 380 మిల్లీలీటర్లు పోశారు. రాత్రికి దాదాపు 250 ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 380 మిల్లీలీటర్లలో ఉన్న 456 మిల్లీగ్రాముల లవణం మిగిలిన 130 మిల్లీలీటర్లలోనే ఉండిపోతుంది. లెక్కగడితే లీటరుకు 3,500 మిల్లీగ్రాములు. ఒక్క రాత్రికే నీళ్లు మూడింతలు ఉప్పగా మారాయి. పొద్దున ఆ నీళ్లు పారబోయకుండా సాయంత్రం దాని మీదే కొత్త నీళ్లు నింపే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున నెలకు 9 గ్రాములు డబ్బాలో చేరతాయి. దాదాపు రెండు చెంచాల ఉప్పు.

అదే లీటరుకు 60 మిల్లీగ్రాములే ఉన్న ఆర్‌ఓ నీళ్లు పోస్తే రోజుకు 15 మిల్లీగ్రాములు, నెలకు అర గ్రాము కూడా కాదు. డిస్టిల్డ్ వాటర్ అయితే దాదాపు సున్నా. కంపెనీలు డిస్టిల్డ్ వాటర్ అడిగేది ఇందుకే. మెడికల్ షాపులో అడిగితే తెప్పిస్తారు. దొరకని రోజున క్యాన్ నీళ్లు కాచి చల్లార్చి పోయండి, బోరు నీళ్లు మాత్రం వద్దు. కాచితే క్రిములు చస్తాయి, లవణాలన్నీ పోవు. మీ క్యాన్ నీళ్లలో లవణం ఎంత ఉందో తెలుసుకోవడానికి పెన్నులాంటి టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. బోరు నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనని అనిపిస్తుంది. పోదు. ఈ డబ్బా నీళ్లను తుంపరగా చిమ్మదు, వేడిచేసి ఆవిరిని మాత్రమే గాలిలో కలుపుతుంది. లవణాలు డబ్బాలోనే ఆగిపోతాయి. నష్టం వేరే చోట ఉంది: గార కట్టిన అడుగు సరిగా వేడెక్కదు, ఆ గరుకులో క్రిములు గూడు కట్టుకుంటాయి, డబ్బా తొందరగా పాడవుతుంది.

గార పట్టేసిందా? ఒక వంతు వెనిగర్‌కు పది వంతుల నీళ్లు. 30 మిల్లీలీటర్లకు 300. అందులో కాసేపు నానబెట్టి, వాసన పోయేదాకా కడగాలి. ఇత్తడి బిందెలకు అలవాటైన చింతపండు మన చేతికి ముందు వస్తుంది. దాని గుజ్జు, తీపి మూలల్లో మిగిలి బూజుకు మేతవుతాయి కాబట్టి వద్దు. స్టీలు పీచుతో రుద్దొద్దు. ప్లాస్టిక్ మీద పడిన గీతల్లోనే మురికి నిలుస్తుంది. బ్లీచింగ్, డెట్టాల్, శానిటైజర్, అత్తరు, నీలగిరి తైలం ఏవీ డబ్బాలోకి గానీ గొట్టంలోకి గానీ రాకూడదు. రాత్రంతా వాటి ఆవిరినే పీలుస్తాం.

ఇక మాస్కు. పొద్దున లేవగానే కుషన్ అంచు మీద వేలు రాసి చూడండి, జిడ్డు తగులుతుంది. మొహం నూనె, తలకు రాసుకున్న కొబ్బరినూనె, చెమట. ఆ జిడ్డు వల్ల రెండు నష్టాలు. సిలికాన్ త్వరగా బిరుసెక్కుతుంది. మాస్కు జారి గాలి కారుతుంది. కారితే పట్టీలు ఇంకా బిగిస్తాం, ముక్కు మీద పుండు పడుతుంది, నాలుగో రోజు మిషన్ అటక ఎక్కుతుంది. రాత్రికి కనీసం 4 గంటల చొప్పున, 30 రాత్రుల్లో కనీసం 21 రాత్రులు వాడితేనే డాక్టర్లు దాన్ని వాడకం కింద లెక్కేస్తారు. ఆ 21కి చేరకపోవడానికి చాలా ఇళ్లలో కారణం జబ్బు కాదు, జిడ్డే అని నా నమ్మకం.

అందుకే పొద్దున మూడు నిమిషాలు. కుషన్‌ను గోరువెచ్చని నీళ్లు, పసిపిల్లల సబ్బుతో చేత్తో కడగాలి. డబ్బాలో మిగిలిన నీళ్లు మొక్కలకు పోసి, శుభ్రంగా తుడిచి, మూత తెరిచి పెట్టాలి. గొట్టం తీసి వేలాడదీయాలి. ఆదివారం ఇరవై నిమిషాలు: డబ్బా, గొట్టం, పట్టీలు, మాస్కు మొత్తం విప్పి సబ్బు నీళ్లలో కడగడం. ఆరు అడుగుల గొట్టంలోకి సబ్బు నీళ్లు పోసి, రెండు చివరలూ మూసి ఊపి, మంచినీళ్లతో రెండుసార్లు జాడించి, నీడలో దండెం మీద మధ్యకు మడిచి రెండు చివరలూ కిందికి వేలాడేలా వేయండి. ఎండలో వేస్తే త్వరగా ఆరుతుందన్నది నిజమే గానీ, సిలికాన్, ప్లాస్టిక్ మన ఎండకు పసుపెక్కి పెళుసవుతాయి. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో ఆదివారం దాకా ఆగకుండా రోజూ కడగాలి.

విడిభాగాలు మార్చే గడువు గురించి చాలామంది కంగారు పడతారు. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ పట్టికలో ముక్కు మాస్కు కుషన్ నెలకు రెండు, గొట్టం మూడు నెలలకొకటి, డబ్బా ఆరు నెలలకొకటి అని ఉంటుంది. అది బీమా ఎన్నింటికి డబ్బిస్తుందో చెప్పే పట్టిక, వస్తువు చచ్చిపోయే తేదీ కాదు. వేల రూపాయలు జేబులోంచి పెట్టుకునే మనం చూడాల్సింది వస్తువును. కుషన్ మసకబారి మెత్తదనం పోయిందా, గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తే చీలిక ఉందా, డబ్బా అడుగు గుంతలు పడిందా చూడండి. తర్వాత మిషన్ తెర మీది లీకు అంకె. ఒక ప్రముఖ కంపెనీ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కారుతున్నట్టు. కడిగినా, పట్టీ సరిచేసినా అది దిగకపోతే కుషన్ మార్చే రోజు వచ్చినట్టే.

ఆన్‌లైన్‌లో ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు అమ్ముతున్నారు. కొనకండి. ఈ ఓజోన్, అల్ట్రావయొలెట్ పరికరాలకు అప్పటికి తన అనుమతి లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఓజోన్ ఊపిరితిత్తులను మండిస్తుంది. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లోపలి నురుగు పొడిగా రాలుతోందని లక్షల మిషన్లను వెనక్కి పిలిచింది. ఓజోన్ ఆ నురుగును ఇంకా త్వరగా పాడుచేయవచ్చనీ ఆ సంస్థ అప్పుడే చెప్పింది. బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ మిషన్ తక్కువకు వస్తోందని కొనేవాళ్లు సీరియల్ నంబరును అలా వెనక్కి పిలిచిన మిషన్ల జాబితాతో సరిచూసుకోవాలి. మాస్కు, గొట్టం, డబ్బా, ఫిల్టర్ కొత్తవే వేసుకోవాలి. పీడనం మీ డాక్టరు చెప్పిందే పెట్టించుకోవాలి.

ఊరెళ్లేటప్పుడు డబ్బా ఖాళీ చేశాకే మిషన్‌ను సంచిలో పెట్టండి. రైల్లో పై బెర్తు మీద సంచి ఒరిగి నీళ్లు మోటారులోకి వెళ్తే అంతే సంగతులు. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. డిసెంబరు చలి రాత్రుల్లో ఆవిరి చల్లబడి గొట్టంలో నీళ్లు గుడగుడమంటే భయపడొద్దు, గొట్టం చుట్టూ గుడ్డ చుట్టండి, తేమ ఒక మెట్టు తగ్గించండి.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. ఫిల్టర్ తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఎర్రబడి ఉంటే కొత్తది వేసి, ఆ తేదీని చిన్న కాగితం మీద రాసి మిషన్ పక్కన అంటించండి. ఇంట్లో నాన్నకో, అత్తకో ఈ మిషన్ ఉంటే, కళ్లజోడు లేకుండా వాళ్లకు ఆ దుమ్ము కనిపించదు. మీరే తీసి చూడండి.