ఎంజైముల సంశ్లేషణ

ఎంజైముల సంశ్లేషణ అనగా జీవకణం తన జన్యువులలోని సమాచారాన్ని అనుసరించి, శక్తిని వెచ్చించి, అమైనో ఆమ్లాల నుండి ఎంజైములను నిర్మించుకొనే ప్రక్రియ. ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీనులే (మాంసకృత్తులు). ఉత్ప్రేరక గుణం గల కొన్ని ఆర్.ఎన్.ఏ. అణువులు మాత్రం దీనికి మినహాయింపు. ఒక కణంలో వేలాది ప్రోటీనులకు సంబంధించిన జన్యువులు ఉన్నప్పటికీ, అన్ని ప్రోటీనులూ అన్నివేళలా తయారు కావు. ఏది ఎప్పుడు, ఎంత తయారు కావాలన్నది జన్యు నియంత్రణపై ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో శాస్త్రజ్ఞులు అత్యంత విస్తృతంగా పరిశోధించిన ఎంజైములలో బీటా గెలాక్టోసిడేజ్ ఒకటి. ఈ వ్యాసంలో దానినే ప్రధాన ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

ఉదాహరణ: బీటా గెలాక్టోసిడేజ్

ఈ.కోలై అనే బాక్టీరియా మనిషి ప్రేవులలో నివసిస్తుంది. దానికి అన్నిటికంటె ఇష్టమైన ఆహారం గ్లూకోజ్. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను కూడా అది వాడుకోగలదు. అయితే ముందుగా దానిని గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు భాగాలుగా విడగొట్టాలి. ఆ పని చేసే ఎంజైమే బీటా గెలాక్టోసిడేజ్. ఇది నాలుగు ఒకేరకమైన గొలుసుల కలయిక. ఒక్కొక్క గొలుసులో వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని జన్యువు పొడవు 3,075 క్షార జతలు. మూడేసి క్షారాలు ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. చివరి మూడు ఆపివేతకు గుర్తు కనుక, జన్యువు చెప్పే అమైనో ఆమ్లాలు 1,024 అని లెక్క తేలుతుంది. బాక్టీరియాలోని సాధారణ ప్రోటీనులతో పోలిస్తే ఇది చాల పెద్దది.

శక్తికి ఆధారం ఏటీపీ

కణంలో జరిగే నిర్మాణపు పనులకు కావలసిన శక్తి ప్రధానంగా ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) నుండి, దానికి సోదర అణువైన జీటీపీ నుండి లభిస్తుంది. ఏటీపీని కండరాలలో కనుగొన్నవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో దీనిని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. కణం ఈ ఫాస్ఫేట్ బంధాలను శక్తి నాణెంగా వాడుకుంటుందన్న భావనను 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ స్పష్టంగా ప్రతిపాదించారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరం. "ఏటీపీలోని బంధం తెగితే శక్తి విడుదల అవుతుంది" అని వ్రాయడం పరిపాటి. నిజానికి ఏ రసాయన బంధాన్ని తెంచడానికైనా శక్తి కావాలి. నీటితో చర్య జరిగిన తరువాత ఏర్పడే పదార్థాలు మొదటి వాటికంటె స్థిరమైనవి కావడం వలననే మొత్తం మీద శక్తి మిగులుతుంది. ప్రామాణిక పరిస్థితులలో ఇది మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్ళు. కణంలోని పరిస్థితులలో ఇంకా ఎక్కువ.

జన్యువు నుండి గొలుసు వరకు

ఈ ప్రక్రియ రెండు దశలలో జరుగుతుంది. మొదటిదైన అనులేఖనంలో ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ అనే ఎంజైము డి.ఎన్.ఏ.లోని జన్యువును చదివి వార్తావాహక ఆర్.ఎన్.ఏ.గా నకలు తీస్తుంది. రెండవదైన అనువాదంలో రైబోసోములు ఆ నకలును చదువుతూ అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి చేరుస్తాయి. బాక్టీరియాలలో కేంద్రకం లేదు కాబట్టి, నకలు పూర్తి కాకముందే రైబోసోములు దానిని చదవడం మొదలుపెడతాయి. వేగంగా పెరిగే ఈ.కోలైలో ఒక రైబోసోము సెకనుకు 15 నుండి 20 అమైనో ఆమ్లాలను చేర్చగలదు. ఈ లెక్కన బీటా గెలాక్టోసిడేజ్ గొలుసు ఒకటి పూర్తి కావడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది.

మూడేసి క్షారాల సంకేత భాషను విప్పిన కృషికి మార్షల్ నిరెన్‌బర్గ్, హరగోబింద్ ఖొరానాలకు, వాహక ఆర్.ఎన్.ఏ. నిర్మాణాన్ని తెలిపినందుకు రాబర్ట్ హోలీకి 1968లో నోబెల్ బహుమతి లభించింది.

ఎంత ఖర్చవుతుంది?

అమైనో ఆమ్లం నేరుగా రైబోసోమును చేరదు. ముందుగా అది తనకు తగిన వాహక ఆర్.ఎన్.ఏ.కు అతుక్కోవాలి. ఇందుకు ఒక ఏటీపీ ఏఎంపీగా మారుతుంది, అనగా రెండు ఫాస్ఫేట్ బంధాలు ఖర్చవుతాయి. ఆ వాహకాన్ని రైబోసోములో సరైన చోట కూర్చోబెట్టడానికి ఒక జీటీపీ, రైబోసోము ఒక అడుగు ముందుకు జరగడానికి మరొక జీటీపీ కావాలి. వెరసి ఒక్కొక్క అమైనో ఆమ్లానికి నాలుగు. 1,024 అమైనో ఆమ్లాల గొలుసుకు దాదాపు 4,100. నాలుగు గొలుసుల పూర్తి ఎంజైముకు సుమారు 16,400.

ఒక గ్లూకోజ్ అణువు ప్రాణవాయువు సమక్షంలో పూర్తిగా దహనమైతే మన కణాలలో సుమారు 30 ఏటీపీలు వస్తాయని నేటి అంచనా (పాత పుస్తకాలలో 36 లేక 38 అని ఉంటుంది). ఈ.కోలైలో ఇంతకంటె తక్కువే. 30 చొప్పున లెక్కించినా, ఒక్క ఎంజైము అణువును కూర్చడానికి 540కి పైగా గ్లూకోజ్ అణువులు కావాలి. అమైనో ఆమ్లాలను తయారు చేసుకోవడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. వార్తావాహక ఆర్.ఎన్.ఏ. ఖర్చు కూడా ఉన్నది గాని, ఒకే నకలును అనేక రైబోసోములు చదువుతాయి కనుక అది పంచుకోబడుతుంది.

ఇంతకూ రెండు అమైనో ఆమ్లాల నడుమ పెప్టైడ్ బంధం ఏర్పడటానికి ఒక ఫాస్ఫేట్ బంధపు శక్తి సరిపోతుంది. మరి నాలుగు ఎందుకు? మిగిలిన ఖర్చులో చాలా భాగం బంధం కోసం కాదు, వరుస తప్పకుండా ఉండటం కోసం. వేలిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాల మధ్య తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్ పరమాణువులు మాత్రమే. ఆకారాన్ని బట్టి ఒక్కసారి ఎంచుకుంటే పొరపాట్లు తరచుగా జరుగుతాయి. అందువలన కణం రెండుసార్లు పరీక్షిస్తుంది. తప్పు అమైనో ఆమ్లం అతుక్కుంటే దానిని త్రుంచివేసే ఎంజైములున్నాయి. అప్పటివరకు వెచ్చించిన ఏటీపీ నష్టమే. రైబోసోములో కూడా జీటీపీ విచ్ఛిన్నానికి ముందు ఒకసారి, తరువాత మరొకసారి వడపోత జరుగుతుంది. శక్తిని వెచ్చించి కచ్చితత్వాన్ని పెంచుకొనే ఈ పద్ధతిని 1974లో జాన్ హాప్‌ఫీల్డ్, 1975లో జాక్ నీనియో వేరువేరుగా సిద్ధాంతీకరించారు. ఫలితంగా తప్పులు కొన్ని వేల అమైనో ఆమ్లాలకు ఒకటి చొప్పున మాత్రమే దొర్లుతాయి. తప్పుల రేటు నూటికి ఒకటి అయితే, వెయ్యి అమైనో ఆమ్లాల గొలుసు ఒక్కటి కూడా నిర్దోషంగా బయటపడటం దుర్లభం.

నియంత్రణ

1941లో పారిస్‌లో జాక్ మోనో తన పరిశోధనా గ్రంథంలో ఒక వింతను వర్ణించారు. రెండు రకాల చక్కెరలు ఇచ్చినప్పుడు బాక్టీరియాలు మొదట ఒకదానినే తిని పెరుగుతాయి. అది అయిపోగానే పెరుగుదల కొంతసేపు ఆగి, తరువాత రెండవ దానితో మళ్ళీ మొదలవుతుంది. ఆ విరామంలో ఏమి జరుగుతున్నది? ముందునుండీ ఉన్న ఏదో ప్రోటీను రూపు మార్చుకుంటున్నదా, లేక ఎంజైము కొత్తగా తయారవుతున్నదా?

దీనికి 1955లో హాగ్నెస్, కోన్, మోనోలు సమాధానం కనుగొన్నారు. బాక్టీరియాలను ముందుగా రేడియోధార్మిక గంధకంతో పెంచి, ఆపై సాధారణ గంధకం ఉన్న మాధ్యమంలోకి మార్చి, అప్పుడు ప్రేరకాన్ని ఇచ్చారు. ఏర్పడిన ఎంజైములో రేడియోధార్మికత దాదాపు లేదు. అనగా పాత ప్రోటీనుల నుండి ఏదీ రాలేదు; ఎంజైము మొదటి అమైనో ఆమ్లం నుండి కొత్తగా నిర్మించబడినది.

నియంత్రణ విధానాన్ని ఫ్రాన్స్వా జకాబ్, మోనోలు 1961లో వివరించారు. బీటా గెలాక్టోసిడేజ్ జన్యువు మరి రెండు జన్యువులతో కలిసి ఒకే సమూహంగా ఉంటుంది. దీనికి లాక్ ఒపెరాన్ అని పేరు. లాక్టోజ్ లేనప్పుడు రిప్రెసర్ అనే నిరోధక ప్రోటీను డి.ఎన్.ఏ.పై కూర్చొని అనులేఖనాన్ని అడ్డుకుంటుంది. లాక్టోజ్ వచ్చినప్పుడు దానినుండి ఏర్పడిన అల్లోలాక్టోజ్ రిప్రెసర్‌ను పట్టుకొని దాని ఆకారాన్ని మారుస్తుంది, అడ్డు తొలగుతుంది. చిత్రమేమంటే అల్లోలాక్టోజ్‌ను తయారు చేసేదీ బీటా గెలాక్టోసిడేజే. నిరోధం సంపూర్ణం కాకపోవడం వలన కణంలో ఎప్పుడూ కొద్ది అణువులు ఉంటాయి, అవే పనిని ప్రారంభిస్తాయి. ప్రేరణ తరువాత వాటి సంఖ్య సుమారు వెయ్యి రెట్లు పెరగగలదు.

గ్లూకోజ్ కూడా అందుబాటులో ఉంటే లాక్టోజ్ ఉన్నప్పటికీ ఈ ఎంజైము అంతగా తయారు కాదు. గ్లూకోజ్ లోపలికి వస్తున్నప్పుడు లాక్టోజ్ ప్రవేశమే చాలావరకు నిలిచిపోతుంది. పైగా అనులేఖనానికి తోడ్పడే చక్రీయ ఏఎంపీ అనే అణువు తగ్గుతుంది. జకాబ్, మోనో, ఆంద్రే ల్వాఫ్‌లకు 1965లో నోబెల్ బహుమతి లభించింది. వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ 1966లో రిప్రెసర్‌ను వేరుచేసి అది ప్రోటీనే అని నిరూపించారు.

నియంత్రణ లేకపోతే నష్టమెంత?

దీనిని కొలవడం సాధ్యమే. లాక్టోజ్ లేకుండానే కృత్రిమ ప్రేరకంతో ఒపెరాన్‌ను పూర్తిగా తెరిపిస్తే ఎదుగుదల రేటు సుమారు 4.5 శాతం తగ్గినట్లు 2005లో డెకెల్, అలోన్ చూపించారు. చిన్న సంఖ్యగా తోచవచ్చు గాని, కొన్ని వందల తరాలలో ఇటువంటి బాక్టీరియా పోటీలో అదృశ్యమవుతుంది. అయితే ఈ నష్టమంతా ప్రోటీను తయారీకి అయిన శక్తిదే అనుకోరాదు. 2012లో ఈమ్స్, కార్టెమ్ చేసిన ప్రయోగాలలో ఎక్కువ భాగం అదే ఒపెరాన్‌లోని లాక్టోజ్ రవాణా ప్రోటీను పనిచేయడం వలన కలిగిన నష్టమని తేలింది. ఏటీపీల లెక్క ఒక్కటే చూసి నిర్ణయానికి రావడం సరికాదని దీనిని బట్టి తెలుస్తున్నది.

ఔషధాలతో సంబంధం

బాక్టీరియాల ప్రోటీను సంశ్లేషణను ఆపివేస్తే అవి వృద్ధి చెందలేవు. టెట్రాసైక్లిన్ జాతి మందులు చేసే పని ఇదే: వాహక ఆర్.ఎన్.ఏ. రైబోసోములో కూర్చొనే స్థానాన్ని అడ్డుకుంటాయి. ఈ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ లెడర్లీ ప్రయోగశాలలో కనుగొనగా, అక్కడి పరిశోధన విభాగానికి అప్పుడు అధిపతి సుబ్బారావు. 1948లో ఆ మందు వెలువడింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన మరణించారు. టెట్రాసైక్లిన్ రైబోసోములో ఎక్కడ అతుక్కుంటుందో 2000లో వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం స్ఫటిక చిత్రాలతో చూపించింది. రైబోసోము నిర్మాణంపై కృషికి ఆయన థామస్ స్టైట్జ్, అదా యోనత్‌లతో కలిసి 2009లో నోబెల్ బహుమతి పొందారు. మన కణాలలోని రైబోసోముల నిర్మాణం కొంత వేరుగా ఉండటం, మందు మన కణాలలో అంతగా పోగుపడకపోవడం వలన ఇది బాక్టీరియాలకు చేసినంత హాని మనకు చేయదు.