గుల్ల బతికితేనే... కారు బతికినట్టు!

ఇంజిన్ లేదు. సీట్లు లేవు. అద్దాలు, తలుపులు, బానెట్, డిక్కీ మూత... ఏవీ లేవు. ఆఖరికి ఒంటిమీద రంగు కూడా లేదు. నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టిన ఉత్త ఇనుప గుల్ల. దారిన పోయేవాళ్లకు అది పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లాల్సిన తుక్కులాగే కనిపిస్తుంది. ఆ గుండ్రటి భుజాలనూ, ఉబ్బెత్తు టాపునూ చూసి గుర్తుపట్టినవాళ్లు మాత్రం షెడ్డు ముందు ఓ క్షణం ఆగుతారు. 'అరె... అంబాసిడర్!' అని.

తాతగారి కారనో, నాన్న మొదటి జీతాలతో కొన్న బండి అనో అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లందరికీ అసలు పరీక్ష ఈ దశే. ఇంజిన్ అరిగితే రీబోరింగ్ చేయించొచ్చు. గేర్‌బాక్సు పోతే మరో బండిది తెచ్చి బిగించొచ్చు. సీట్లు కుట్టించడం ఏమంత పెద్ద పని కాదు. గుల్ల సంగతి అలా కాదు. అది పుచ్చిపోతే, మిగతావన్నీ కొత్తవి తెచ్చినా బిగించడానికి చోటే ఉండదు!

ఎముకా అదే... చర్మమూ అదే

బాగా పాతకాలపు కార్లకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ ఇచ్చేది ఇంజిన్, ఛాసిస్ మాత్రమే. పైన బాడీని కోచ్‌బిల్డర్లు కట్టేవారు. నిజాం కారుకు కట్టింది బార్కర్ కంపెనీ. అంటే కింద బండి వేరు, పైన పల్లకీ వేరు. అవసరమైతే రెంటినీ విడదీసి ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు.

అంబాసిడర్ అలా కాదు. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారే దీనికి మూలం. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1957లో మనకు పరిచయం చేసింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా తయారైంది. దీనికి లారీలకున్నట్టు కింద విడిగా ఫ్రేమ్ ఉండదు. నేలరేకు, తలుపుల కింద పొడవాటి పెట్టెల్లా ఉండే సిల్స్, స్తంభాలు, టాపు... అన్నింటినీ వందలకొద్దీ స్పాట్ వెల్డింగ్ చుక్కలతో అతికి ఒకే పెట్టెగా చేశారు. దీన్నే మోనోకాక్ అంటారు. ముందు చక్రాల బరువు మోసే టోర్షన్ కడ్డీల వెనక కొసలు కూడా నేల కిందే బిగించి ఉంటాయి. ఆ చోట తుప్పు పట్టిందంటే పాడైంది రేకు కాదు, వెన్నెముక అన్నమాట.

గుల్లకున్న విలువ తెలియాలంటే బ్రిటన్ వాహన లైసెన్సింగ్ సంస్థ ఏళ్ల తరబడి వాడిన లెక్క చూడాలి. మార్పులు చేసిన కారుకు పాత నంబరు ఉంచాలంటే కనీసం 8 పాయింట్లు రావాలి. అందులో మోనోకాక్ గుల్లకు 5. సస్పెన్షన్, యాక్సిల్స్, గేర్‌బాక్సు, స్టీరింగ్... ఒక్కోదానికి 2. మనం కారుకు గుండెకాయ అనుకునే ఇంజిన్‌కు? ఒకే ఒక్కటి!

లోపలి నుంచి వచ్చే జబ్బు

తుప్పు బయటినుంచి వస్తుందనుకుంటాం. పాత కార్లలో అది చాలాసార్లు లోపలినుంచి బయటికొస్తుంది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలితే వాన నీళ్లు నేలరేకు మీదికి దిగుతాయి. పైన మ్యాట్ ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించవు. తలుపుల అడుగున, సిల్స్ కింద నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలు బురదతో పూడిపోతాయి. ఇక ఆ చీకటి పెట్టెలో తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అతుకుల మధ్య చేరి రేకుల్ని పాయలుగా విడగొడుతుంది. పైన రంగు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపల జల్లెడే! ఉప్పుగాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఈ పని ఇంకాస్త వేగంగా జరుగుతుంది.

దీనికి మనుషులు చేసిన పాపం తోడు. కన్నం పడ్డచోట పాత రేకు ముక్క అతికించడం, పైన దట్టంగా పుట్టీ మెత్తి రంగు కొట్టడం... అమ్మకానికి పెట్టే ముందు బండికి జరిగే సింగారం ఇదే. అందుకే అనుభవమున్నవాళ్లు పాత కారు చూడ్డానికి వెళ్తే జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్తారు. ఇనుముంటే అతుక్కుంటుంది. పుట్టీ ఉంటే జారిపోతుంది. రూపాయి ఖర్చులేని ఈ పరీక్ష చేయక లక్షలు పోసి పుట్టీ కొనుక్కున్నవాళ్లు తక్కువేం కాదు.

రంగు ఊడిస్తేగానీ అసలు కథ బయటపడదు. ఒక్కో పొర లేస్తుంటే ఆ బండి జాతకం కనిపిస్తుంది. అడుగున కంపెనీ వేసిన రంగు, దానిమీద సర్కారు తెలుపో, ట్యాక్సీ నలుపో, ఎప్పుడో గుద్దుకున్న చోట వేరే రంగు మచ్చ.

ఊడదీయడానికి మూడు నాలుగు దారులున్నాయి. పెయింట్ రిమూవర్ పూసి గీకడం పాత పద్ధతి. నెమ్మదే గానీ రేకుకు హాని ఉండదు. గ్రైండర్‌కు తీగల బ్రష్షు తగిలించి రుద్దడం ఇంకొకటి. గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మే శాండ్ బ్లాస్టింగ్ వీటన్నిటికంటే వేగం. మూలల్లోని తుప్పును కూడా ఏరేస్తుంది. కానీ మిల్లీమీటరు మందం కూడా సరిగ్గా లేని టాపు మీదా, బానెట్ మీదా దాన్ని గట్టిగా ప్రయోగిస్తే రేకు ఒకవైపు సాగి అప్పడంలా అలలు తేలుతుంది. మళ్లీ చదును చేయడం బ్రహ్మతరం కాదు. పైగా సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. మూతికి రుమాలు కట్టుకుని ఈ పని చేసే కుర్రాళ్లను చూస్తే కారు మీద ముచ్చట సగం చచ్చిపోతుంది. గాలి గొట్టంతో కూడిన మాస్కు లేనిచోట ఆ పని చేయించకపోవడమే మేలు.

ఇక రంగంతా పోయి మెరిసే ఇనుము బయటపడ్డాక... గడియారంతో పందెం మొదలవుతుంది. వానాకాలంలోనైతే కొన్ని గంటల్లోనే పసుపు, గోధుమ రంగు మచ్చలు లేస్తాయి. చేత్తో ముట్టుకున్నా చెమటలోని ఉప్పు వల్ల వేలిముద్ర తుప్పుగా మారుతుంది. అందుకే చేతులకు గ్లోవ్స్, వెంటనే ఎపాక్సీ ప్రైమర్. ఫొటోలు తీసుకోవాలని ఆ మెరిసే గుల్లను వారం రోజులు అలా ఉంచితే పని మళ్లీ మొదటికే!

సుత్తి తెలిసినవాడే మేస్త్రీ

పుచ్చిన భాగాన్ని కోయడమంటే రంపం పట్టుకుని దిగడం కాదు. మోనోకాక్‌లో ఏ ముక్క తీసినా మిగతా గుల్ల కుంగుతుంది. అందుకని ముందు తలుపుల ఖాళీల్లో ఇనుప గొట్టాలు అడ్డంగా, ఏటవాలుగా వెల్డ్ చేసి కట్టేస్తారు. మూలనుంచి మూలకు టేపు పెట్టి కొలతలు రాసుకుంటారు. ఒకవైపు సిల్ పూర్తిగా అతికాకే రెండోవైపు ముట్టుకోవాలి. ఈ జాగ్రత్త లేకుండా రెండూ ఒకేసారి కోసేసిన కార్లుంటాయి. పైకి తళతళా మెరుస్తూనే ఉంటాయి, తలుపు మాత్రం మోకాలితో నెడితేగానీ పడదు.

పాత స్పాట్ వెల్డింగ్ చుక్కల్ని ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి విప్పాలి. కొత్త రేకును పాతదాని మీద పరిచి కాదు, అంచుకు అంచు చేర్చి అతకాలి. మీద పరిస్తే రెండు రేకుల నడుమ చెమ్మ చేరి మళ్లీ అదే రోగం. గీతలాగా ఒకేసారి వెల్డింగ్ లాగితే వేడికి రేకు మెలితిరుగుతుంది. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క... చల్లారాక మళ్లీ. రోజంతా చేసినా చూసేవాళ్లకు పనేమీ జరగనట్టే ఉంటుంది!

తర్వాతిది టింకర్ మేస్త్రీ రాజ్యం. రేకు వెనక డాలీ అనే ఉక్కు దిమ్మ పెట్టి, ముందునుంచి సుత్తితో తట్టుతూ సొట్టను సమం చేస్తారు. సాగిపోయిన రేకును కుదించడానికి ఒక చుక్కను ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దుతారు. చుయ్‌మంటూ బిగుసుకుంటుంది. ఎంత కాల్చాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. కళ్లు మూసుకుని అరచేయి రేకు మీద నడిపిస్తే వెంట్రుకవాసి ఎత్తుపల్లాలు తెలిసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. అయితే వాళ్ల పక్కన పని నేర్చుకునే కుర్రాళ్లే కరవు. కొత్త కార్ల షోరూముల్లో సొట్టపడ్డ బంపర్‌ను పీకి కొత్తది బిగించేస్తారు. అక్కడ సుత్తికి పనేముంది?

తుక్కుకా... వింటేజ్‌కా?

గుల్ల విషయంలో తప్పుచేస్తే పోయేది అందం ఒక్కటే కాదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కార్లకు, ద్విచక్ర వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి మాత్రం ఒప్పుకోరు. అన్నింటికంటే ముఖ్యమైన షరతు మరోటుంది. ఛాసిస్, బాడీ గుల్ల, ఇంజిన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. 1975కు ముందు అంబాసిడర్లన్నీ వయసు పరీక్ష పాసైనట్టే. టాపు కోసి సన్‌రూఫ్ పెట్టించినవీ, మడ్‌గార్డులు చెక్కి వెడల్పు టైర్లు వేయించినవీ మాత్రం ఇక్కడే తప్పుతాయి. కోతల్లో ఛాసిస్ నంబరు ఉన్న ముక్క పారేసుకుంటే ఆ తిప్పలు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోవైపు విడిభాగాల కరవు. బ్రిటన్‌లో 1988 నుంచే ఎంజీబీ కారుకు పాత డైలతో నొక్కిన సరికొత్త గుల్ల కొనుక్కోవచ్చు. మనకు ఆ భాగ్యం లేదు. మంచి రేకు కావాలంటే మరో అంబాసిడర్‌నుంచి కోసి తెచ్చుకోవాల్సిందే. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతూ వచ్చింది. అలా తుక్కు కేంద్రాలకు వెళ్లే సర్కారు అంబాసిడర్లతోపాటే వాటి తలుపులు, మడ్‌గార్డులు కూడా నలిగి ముద్దవుతాయి. అవి అక్కడికి చేరకముందే తెలుసుకుని నాలుగు రేకులు దక్కించుకోవడం ఈ వ్యసనపరులకు ఓ వేట.

ఖర్చంటారా... రేకుకంటే రోజులకే ఎక్కువ. చాలా బళ్ల విషయంలో గుల్ల పనికయ్యేది, ఆ కారు అమ్మితే వచ్చేదానికంటే మించిపోతుంది. ఇంట్లోవాళ్లు ఆ లెక్క అడక్కపోతేనే మంచిది.

అతుకులన్నీ అయ్యాక, ప్రైమర్ ఆరాక, సిల్స్ లోపలికి సన్నటి గొట్టంతో మైనం చిమ్ముతారు. ఈసారి నీళ్లు చేరినా ఇనుమును తాకకుండా. నీళ్లు పోయే రంధ్రాలు పూడకుండా పుల్లతో పొడిచి చూస్తారు. ఆ తర్వాత రంగుకు పంపే ముందు నాలుగు తలుపులూ తెచ్చి తాత్కాలికంగా బిగిస్తారు. మేస్త్రీ ఒక్కో తలుపునూ రెండు వేళ్లతో మెల్లగా తోస్తాడు. చుట్టూ సందు సమానంగా ఉండి, 'టక్'మని ఒకే చప్పుడుతో పడితే తర్వాతి తలుపు దగ్గరికి వెళ్తాడు. చప్పుడు రెండుగా వినిపిస్తే... మళ్లీ సుత్తి అందుకుంటాడు.