చల్లదనానికి బిల్లు ఎవరు కడతారు?

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉందన్న మాటే గాని, చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేను అక్కడ పుట్టి, బెంగుళూరు కాలేజీలో ముప్పయ్యేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మన పత్రికకి ఒక సైన్సు వ్యాసం కావాలని సంపాదకులు అడిగినప్పుడు ఏం రాయాలా అని తల పట్టుకున్నాను. పోయిన పండక్కి ఊరెళితే మా చిన్నాయన ఆ బెంగ తీర్చేశారు.

చిన్నాయనకి ఆరెకరాల మెట్ట. వాన పడితే శెనక్కాయ, పడకపోతే అప్పు. తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాల మీద సోలార్ పార్కు వచ్చినప్పుడు ఆయన భూమి కూడా అందులోకి పోయింది. అమ్మలేదు, కౌలుకిచ్చారు. మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి నూటికి అయిదు పెంపు. 2018 మార్చిలో ప్రారంభమైన ఆ పార్కు 2019 చివరికల్లా 2,050 మెగావాట్లకి చేరింది.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చోగానే చిన్నాయన అసలు సంగతి బయట పెట్టారు.

"ఒకాయన వచ్చినాడప్పా. కరెంటు రవ్వంత కూడా పోని కొత్త తీగ వస్తా ఉందంట. ఇప్పుడే రెండు లక్షలు డిపాజిట్టు కడితే మూడేళ్ళకి ఆరు లక్షలంట. దానికేదో పేరు చెప్పినాడు... సూపర్ కండక్టరు!"

రెండు లక్షలంటే ఆయనకి ఏడాది కౌలు డబ్బు కన్నా ఎక్కువ. వద్దని ఒక్క మాటతో కొట్టేస్తే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు. ఆయన అడిగినవన్నీ అడగనిచ్చి, ఒక్కొక్కటే చెప్పాను. ఆ ప్రశ్నలు మీకూ వచ్చేవే.

అసలు కరెంటు దారిలో ఎందుకు పోతుంది?

శనివారం పావగడ శనిమహాత్మ గుడి దగ్గర జనంలో నడిచి చూడండి. నాలుగు అడుగులకి నలుగురు తగులుతారు, చెమట పడుతుంది. తీగలో ఎలెక్ట్రాన్ల పనీ అంతే. అదురుతున్న అణువుల వల్ల, లోహంలోని మలినాల వల్ల వాటి నడక చెదురుతుంది. ఆ పోయిన శక్తి వేడిగా మారుతుంది. దీన్నే నిరోధం అంటాం.

పార్కు నుంచి కరెంటుని 400 కిలోవోల్టులకి పెంచి పంపేది ఇందుకే. వోల్టేజి రెండింతలు చేస్తే అంతే సామర్థ్యానికి కరెంటు సగం చాలు, నష్టం నాలుగో వంతుకి దిగుతుంది. అందువల్ల పెద్ద లైన్లలో పోయేది నూటికి మూడు నాలుగు పాళ్ళే. ఎక్కువ పోయేది ఊళ్ళలోని పొడుగాటి చిన్న లైన్లలో.

మరి ఆ కొత్త తీగ నిజమేనా?

వస్తువు నిజం, "కొత్త" అన్నదే అబద్ధం. 1911లో హాలండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచారు. సున్నాకి కింద 269 డిగ్రీల దగ్గర దాని నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. తగ్గడం కాదు, సున్నా అయింది. ఇదే అతివాహకత్వం. ఎందుకలా అవుతుందో చెప్పడానికి మరో 46 ఏళ్ళు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పినదాని ప్రకారం ఆ చలిలో ఎలెక్ట్రాన్లు జతలు కడతాయి, జతలన్నీ ఒకే లయలో కదులుతాయి. కోలాటంలో ఒక్కరిని పక్కకి తోయాలంటే ఆట మొత్తం చెడాలి కదా, ఇదీ అలాంటిదే.

రాగి ఇంకా చల్లబడితే అలా అవుతుందా?

చాలామంది అలాగే అనుకుంటారు. కాని మంచి వాహకాలైన రాగి, వెండి, బంగారం ఎంత చల్లబరిచినా అతివాహకాలు కావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. సీసం, తగరం అవుతాయి. ఇంకా వింత, పింగాణీ జాతి పదార్థాలు అవుతాయి. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ ఈ దారి తెరిచారు. మరుసటి ఏడాది మైనస్ 180 డిగ్రీల దగ్గరే పనిచేసే పదార్థం దొరికింది. మన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్.ఆర్. రావు గారి బృందం కూడా అప్పుడు దాని మీద పనిచేసింది. దీనికి హీలియం అక్కర్లేదు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ చాలు.

"పశువుల డాక్టరు క్యానులో తెస్తాడే, పొగలు కక్కే నీళ్ళు, అదేనా?" అన్నారు చిన్నాయన. అదే!

మనం దీన్ని ఎక్కడైనా చూశామా?

చూడకేం? నిరుడు చిన్నమ్మకి నడుం నొప్పికి ఎం.ఆర్.ఐ. తీయించాం. ఆ యంత్రంలోని పెద్ద అయస్కాంతం నయోబియం-టైటానియం అతివాహక తీగతో చుట్టినదే. ఒకసారి కరెంటు ఎక్కిస్తే అది చుట్టులో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆస్పత్రిలో కరెంటు పోయినా అయస్కాంతం పోదు. చిన్నమ్మని బెదరగొట్టిన టకటక చప్పుడు మాత్రం దీనిది కాదు, లోపలుండే వేరే చుట్టలది.

ఆగకుండా తిరిగితే ఊరికే కరెంటు వాడుకోవచ్చుగా?

వీలుకాదు. తిరుగుతున్నది మనం పెట్టిన శక్తే, వాడుకుంటే తగ్గిపోతుంది. పైగా వేడెక్కినా, అయస్కాంత క్షేత్రం మితిమీరినా, కరెంటు హద్దు దాటినా అతివాహకత్వం చెడుతుంది.

తీగలుగా ఎక్కడైనా వేశారా?

వేశారు. 2014లో జర్మనీలోని ఎసెన్‌లో ఒక కిలోమీటరు, 2021లో షాంఘైలో 1.2 కిలోమీటర్లు. ఇరుకు నగరాల్లో కొద్ది చోటులో ఎక్కువ కరెంటు పంపడానికి అవి పనికొస్తాయి. కాని తీగ పొడుగునా ద్రవ నైట్రోజన్ పారుతుండాలి.

గది వేడిలో పనిచేసేది రాలేదా?

2023లో కొరియా నుంచి ఒక వార్త వచ్చి ప్రపంచమంతా ఊగిపోయింది. నెల తిరక్కుండానే ఇతర ప్రయోగశాలలు అది అతివాహకం కాదని తేల్చాయి. మైనస్ 23 డిగ్రీల దగ్గర పనిచేసే పదార్థం ఒకటి నిజంగానే ఉంది. అయితే దాన్ని గాలి ఒత్తిడికి పది లక్షల రెట్లకి మించి నొక్కి ఉంచాలి. తీగగా పనికిరాదు.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. దూరంగా వెన్నెల్లో పలకలు చెరువు నీళ్ళలా మెరుస్తున్నాయి. మా ఊళ్ళో చెరువు నిండగా చూసి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు పొద్దున్నే ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. నేను లోపల కాఫీ తాగుతున్నాను. చిన్నాయన గొంతు వినిపించింది.

"అంతా బాగుందప్పా. తీగలో కరెంటు పోదు, సరే. మరి ఇక్కడి నుంచి బెంగుళూరు దాకా ఆ తీగని రాత్రీ పగలూ చల్లగా ఉంచాల గదా! ఆ చల్లదనానికి బిల్లు ఎవురు కడతారు?"

ఆ పెద్దమనిషి మళ్ళీ వస్తానని వెళ్ళాడు. రాలేదు. ముప్పయ్యేళ్ళలో నా విద్యార్థులెవరూ అంత సూటిగా అడగలేదు. రెండు లక్షలు బ్యాంకులోనే ఉన్నాయి.