రంధ్రాలున్న ద్రవాలు

మదనపల్లె నుంచి కదిరి వెళ్ళే దారిలో అంగళ్లు అనే ఊరు వస్తుంది. టమోటా పంటకు పేరుపడిన ప్రాంతం అది. అక్కడి టమోటాలతోనే ఒక చిన్న ప్రయోగం చేద్దాం, రండి.

ఒక పెట్టెలో సన్నని మూతిగల ఖాళీ చెంబును నిలబెట్టండి. దాని చుట్టూ, పైనా టమోటాలు నింపండి. చెంబులోకి ఒక్క టమోటా అయినా వెళ్ళిందా? లేదు కదూ! ఇప్పుడు పైనుంచి కొన్ని గుప్పెళ్ళ శనగలు పోసి పెట్టెను మెల్లగా కుదపండి. టమోటాల సందుల్లోంచి జారి, కొన్ని శనగలు చెంబులో పడతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో మనకు తర్వాత పని ఉంది.

పొగలో ఏముంది?

12 గ్రాముల కర్బనం పూర్తిగా మండితే 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, తయారవుతుంది. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల కరెంటు కోసం నిత్యం బొగ్గు మండుతూనే ఉంటుంది. యంత్రయుగానికి ముందు, గాలిలోని ప్రతి 10 లక్షల అణువుల్లో ఈ వాయువు అణువులు సుమారు 280 ఉండేవి. ఇప్పుడవి 420 దాటాయి. భూమి నుంచి వెలువడే వేడిని ఈ వాయువు పట్టి ఉంచుతుంది. అందుకే భూగోళం వేడెక్కుతోంది.

మరి దీన్ని పొగగొట్టం దగ్గరే పట్టేస్తే? అది అంత సులభం కాదు. బొగ్గు పొగలో ఈ వాయువు నూటికి 12 నుంచి 15 పాళ్ళే. మిగతాది చాలావరకు నత్రజని. ఈ మిశ్రమంలోంచి మనకు కావలసినదాన్ని మాత్రమే ఏరుకోవాలి.

అమీన్లు అనే రసాయనాలు ఆ పని చేస్తాయి. ఈ పద్ధతికి 1930లోనే పేటెంటు లభించింది. కాని అమీన్లు వాయువును గట్టిగా పట్టుకుంటాయి. విడిపించాలంటే ద్రావణాన్ని సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడి చేయాలి. అంటే విద్యుత్ కేంద్రం పుట్టించిన శక్తిలో కొంత దీనికే ఖర్చయిపోతుంది!

రంధ్రాలున్న ఘనపదార్థాలు మరో మార్గం. జియోలైట్లు అటువంటివే. లోహాలనూ కర్బన అణువులనూ కలిపి అల్లిన చట్రాలు కూడా ఉన్నాయి. వాటిని రూపొందించినందుకు కిటగావా, రాబ్సన్, యాఘీలకు 2025లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వీటిలో చాలా పదార్థాలు వాయువును వదులుగా పట్టి, తేలికగా విడిచిపెడతాయి. అయితే ఘనపదార్థాన్ని నీళ్ళలా గొట్టాల్లో పారించడం ఎలా?

చెంబు చెప్పిన కిటుకు

రంధ్రాలూ ఉండాలి, పారాలీ. ఇది సాధ్యమా? ఎండిన ఇటుకను నీళ్ళలో ముంచి చూడండి. బుడగలు పైకి వస్తాయి. ఇటుక రంధ్రాల్లోని గాలిని నెట్టి నీళ్ళు లోపలికి దూరుతాయి. ద్రవంలో రంధ్రం ఖాళీగా నిలవదనే అనుకుంటాం.

ఇక్కడే మన చెంబును తలచుకోండి. ద్రవపు అణువులు రంధ్రపు మూతికంటే పెద్దవైతే? రంధ్రం ఖాళీగానే ఉండిపోతుంది! బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టూవర్ట్ జేమ్స్ బృందం 2007లో ఈ ఆలోచనను ప్రతిపాదించింది. 2015లో ఆ బృందం, లివర్‌పూల్ శాస్త్రజ్ఞులు, మరికొందరు కలిసి దాన్ని చేసి చూపారు. పంజరంలాంటి అణువులను పెద్ద అణువులున్న ఒక ద్రవంలో కరిగించారు. ప్రతి 12 ద్రవపు అణువులకు ఒక పంజరం చొప్పున అమరింది. ఆ ద్రవంలో మీథేన్ వాయువు మామూలుకంటే దాదాపు 8 రెట్లు ఎక్కువగా కరిగింది. పంజరం చెంబు, ద్రవపు అణువు టమోటా, వాయువు అణువు శనగగింజ అన్నమాట!

ఆ తర్వాత బొగ్గుపులుసు వాయువుకు తగిన ద్రవాలు కూడా తయారయ్యాయి. రంధ్రాలున్న పొడిని, ఆ రంధ్రాల్లో దూరలేని నూనెలో కలపడం వాటిలో ఒక పద్ధతి.

పట్టాక ఏం చేయాలి?

పట్టిన వాయువును హైడ్రోజన్‌తో కలిపి మిథనాల్ అనే ఇంధనంగా మార్చవచ్చు. ఒక్కో అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు కావాలి. ఇటువంటి చర్యలను త్వరపరిచే ఉత్ప్రేరకాన్ని కూడా రంధ్రాల ద్రవంలోనే ఉంచి, పట్టడం, మార్చడం ఒకే పాత్రలో జరపాలని శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు.

కాని ఒక్క మాట మరవకండి. ఆ హైడ్రోజన్‌ను బొగ్గు కరెంటుతో తయారుచేస్తే, పట్టినదానికంటే వదిలేది ఎక్కువవుతుంది. ఎండ నుంచి వచ్చిన కరెంటయితేనే లాభం. అంగళ్లు మీదుగా కదిరి వైపు సాగితే, ఆ ప్రాంతంలోనే నంబులపూలకుంట సౌరవిద్యుత్ కేంద్రం ఉంది. రాయలసీమలో ఎండకు కొదవా?

ఈ ద్రవాలు ఇంకా పెద్ద ఎత్తున వాడకంలోకి రాలేదు. ఏళ్ళతరబడి వాడినా చెడకూడదు, చౌకగా దొరకాలి, పొగలోని తేమకు తట్టుకోవాలి. ఇవన్నీ తేలవలసిన లెక్కలే. వాటిని తేల్చేవారిలో రేపు మీరూ ఉండవచ్చు. ఈలోగా ఆ చెంబు ప్రయోగం చేసి చూడండి. శనగలకు బదులు ఆవాలు పోస్తే ఏమవుతుందో ముందే ఊహించి, తర్వాత సరిచూసుకోండి!