దైనందిన జీవితంలో శిశు సంజ్ఞానాత్మక వికాసం: అంగడి లెక్క – బడి లెక్క

ఉపోద్ఘాతం:

గ్రహించినదానిని గుర్తుంచుకోవడం, పోల్చడం, వర్గీకరించడం, కార్యకారణ సంబంధాన్ని ఊహించడం, సమస్యను పరిష్కరించడం అనే మానసిక ప్రక్రియలు క్రమంగా పరిణతి చెందడమే సంజ్ఞానాత్మక వికాసం. ఉపాధ్యాయ విద్యలో దీనిని ఎక్కువగా వయోదశల పట్టికగానే బోధిస్తున్నాం. పిల్లల ఆలోచన ఏ సందర్భంలో ఎలా పనిచేస్తుందో ఆ పట్టిక ఒక్కటే చెప్పలేదు. అంగడిలో లెక్కలు కట్టే పిల్లల ఉదాహరణతో ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

సిద్ధాంత నేపథ్యం:

పరిసరాలతో ప్రతిచర్య జరుపుతూ శిశువు తన జ్ఞానాన్ని తానే నిర్మించుకుంటాడని జీన్ పియాజే (1896–1980) ప్రతిపాదించాడు. వెడల్పాటి గ్లాసులోని నీటిని సన్నని పొడవాటి గ్లాసులో పోస్తే, పూర్వ ప్రచాలక దశలోని పిల్లలు సాధారణంగా నీరు పెరిగిందనే భావిస్తారు. 1896లోనే జన్మించిన లెవ్ వైగోట్‌స్కీ ఈ వికాసంలో భాషకు, సంస్కృతికి ప్రాధాన్యమిచ్చాడు. శిశువు ఒంటరిగా చేయగల పనికి, పెద్దల తోడ్పాటుతో చేయగల పనికి మధ్య ఉన్న అంతరాన్ని ‘సామీప్య వికాస మండలం’ అన్నాడు.

రెసీఫే నగర పరిశీలన:

బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధి అమ్మకాలు చేసే ఐదుగురు పిల్లలపై కారహెర్, ష్లీమన్ బృందం జరిపిన అధ్యయనం 1985లో వెలువడింది. పరిశోధకులు కొనుగోలుదారులుగా వెళ్లి అడిగిన లెక్కలలో సుమారు 98 శాతానికి పిల్లలు సరైన సమాధానం చెప్పారు. అవే సంఖ్యలను సందర్భం లేకుండా పరీక్షగా ఇచ్చినప్పుడు అది సుమారు 37 శాతానికి పడిపోయింది.

ఒక్కొక్కటి 35 క్రుజేరోల చొప్పున నాలుగు కొబ్బరికాయల వెల ఎంతని అడిగితే, పన్నెండేళ్ల బాలుడు మూడింటి వెల 105కు మరో 35 కలిపి 140 అన్నాడు. పరీక్షలో 35ను 4తో గుణించమంటే 200 అని రాశాడు. మిగులు 2ను గుణకారం ముగిశాక కలపడానికి బదులు ముందే 3కు కలిపి, వచ్చిన 5ను 4తో గుణించడమే పొరపాటు. అంగడిలో అతడు అర్థాన్ని అనుసరించాడు. పరీక్షలో సగం గుర్తున్న నియమాన్ని అనుసరించాడు.

కోల్‌కతా, ఢిల్లీ అంగళ్లలో పనిచేసే పిల్లలపై జరిగిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురితమైంది. అది మరో పార్శ్వాన్నీ చూపింది. అంగడి పిల్లలు బడి లెక్కలలో తడబడినట్లే, బడి లెక్కలు వచ్చిన పిల్లలు అంగడి లెక్కలలో తడబడ్డారు. అంటే, ఒక సందర్భంలో అలవడిన సామర్థ్యం మరొక సందర్భానికి దానంతటదే బదిలీ కాదు.

బోధనలో అన్వయం:

తెలుగునాట పిల్లలు వామనగుంటలలో చింతగింజలు పంచుతూ ఎత్తుగడలు ఊహిస్తారు. కిరాణా కొట్టులో చిల్లర సరిచూస్తారు. వంటింట్లో పావు, అర, ముప్పావు కొలతలు చూస్తారు. ఈ అనుభవం బడిలో ఉపకరించాలంటే ఉపాధ్యాయుడు వారధి కావాలి. “నీవు ఎలా లెక్కించావు?” అని ముందు అడగాలి. ఆ నోటిలెక్కను నల్లబల్లపై రాసి, 30ని నాలుగుసార్లు, 5ను నాలుగుసార్లు తీసుకుంటే వచ్చే 120, 20ల మొత్తంతో పోల్చి చూపాలి. అప్పుడు మిగులు అంకెకు అర్థం తెలుస్తుంది.

ముగింపు:

రాతపరీక్ష మాత్రమే చూసినవారు రెసీఫే బాలుడిని ‘లెక్కలు రానివాడు’ అనేవారు. పిల్లలు బడి బయట ఎలా ఆలోచిస్తారో గమనించకుండా వారి సామర్థ్యాన్ని నిర్ణయించడం మూల్యాంకన దోషం. దాని ఫలితాన్ని అనుభవించేది మాత్రం శిశువే. సంజ్ఞానాత్మక వికాసాన్ని దైనందిన జీవితంలో పరిశీలించవలసిన అవసరం ఇందుకే ఏర్పడుతోంది.