గుల్‌మర్గ్ మంచుపై శ్రీహరికోట ఉపగ్రహాల కన్ను.. అయినా స్కీయర్లకు ముప్పు ఎందుకు?

2024 ఫిబ్రవరి 17న తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్14 రాకెట్ ఇన్‌శాట్-3డీఎస్ వాతావరణ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. సరిగ్గా ఐదు రోజులకు, ఫిబ్రవరి 22న, కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో మంచు చరియలు విరిగిపడి రష్యాకు చెందిన ఓ స్కీయర్ చనిపోయారు. ఆయనతో ఉన్నవాళ్లను సహాయక బృందాలు కాపాడాయి. అప్పటికి ఆ ఉపగ్రహం ఇంకా పని మొదలుపెట్టలేదు. మొదలుపెట్టి ఉంటే ప్రమాదం తప్పేదా? తప్పేది కాదనే చెప్పాలి. ఎందుకో తెలియాలంటే మంచు లోపలికి చూడాలి.

మెత్తటి మంచుతోనే చిక్కు

గుల్‌మర్గ్ గండోలా రెండో దశ అఫర్వత్ శిఖరం దగ్గర దాదాపు 3,980 మీటర్ల ఎత్తు వరకు వెళ్తుంది. అక్కడ కొంత భాగంలోనే స్కీ పెట్రోల్ కాపలా ఉంటుంది. ఆ హద్దు దాటితే అంతా బ్యాక్‌కంట్రీనే. ఎవరూ తొక్కని తాజా మంచు కోసం స్కీయర్లు వెళ్లేది అటే. అప్పుడే కురిసిన మంచులో ఎక్కువ భాగం గాలే. అందుకే దూదిపై జారుతున్నట్టు ఉంటుందట!

పులికాట్ అంచున నడిచినవాళ్లకు ఈ చిక్కు చెప్పకుండానే అర్థమవుతుంది. వేసవిలో నీళ్లు వెనక్కి వెళ్లాక పైన ఎండిన పెచ్చు గట్టిగా కనిపిస్తుంది. కాలేస్తే లోపల బురద. మంచులోనూ అంతే. ఒక్కో హిమపాతం ఒక్కో పొర. నేల దగ్గర మంచు దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, పైభాగం మాత్రం గడ్డకట్టే చలిలో ఉంటుంది. ఈ తేడా వల్ల లోపలి ఆవిరి పైకి కదిలి, అడుగు పొరలు పంచదార పలుకుల్లా విడివిడిగా మారిపోతాయి. వాటిలో ఒకదానికొకటి పట్టు ఉండదు. వాటిపైనే గాలి కొత్త మంచును పలకలా పేర్చుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఒక మనిషి బరువు పడితే చాలు, పలక మొత్తం తెగి జారుతుంది. ప్రాణాలు పోయిన ఘటనల్లో ఎక్కువసార్లు చరియను కదిలించింది బాధితుడో, ఆయన బృందంలోని వారో.

వసంతం వచ్చాక ఇంకో తంటా. రాత్రి గడ్డకట్టిన మంచు ఉదయం రాయిలా ఉంటుంది, మధ్యాహ్నానికి నీరోడుతుంది. పొద్దున భద్రంగా దాటిన వాలే సాయంత్రం ప్రమాదకరం కావచ్చు. చదునైన చోట సాగే క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో ఈ భయం తక్కువే. కానీ మంచు ఉష్ణోగ్రతను బట్టి స్కీలకు పూసే మైనం మార్చకపోతే అడుగు ముందుకు పడదు.

ఆకాశం నుంచి ఏం కనిపిస్తుంది?

ఇన్‌శాట్ ఉపగ్రహాలు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి మేఘాలను, మంచు పరుచుకున్న ప్రాంతాన్ని చూస్తాయి. కశ్మీర్‌కు హిమపాతం తెచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ ఎప్పుడు వస్తోందో ముందే తెలిసేది వీటి సాయంతోనే.

2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఇస్రో-నాసా ఉమ్మడి ఉపగ్రహం నైసార్ ఇంకో మెట్టు పైన. దాని రాడార్‌కు మేఘాలు, చీకటి అడ్డు కావు. పొడి మంచులోకి రాడార్ తరంగాలు దూసుకెళ్తాయి. తడి మంచు మాత్రం వాటిని పీల్చేసుకుని చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. అంటే ఎక్కడ కరుగుతోందో పట్టుకోవచ్చు. అయితే నైసార్ ఒకే చోటును 12 రోజుల్లో రెండుసార్లే చూస్తుంది. మంచు స్వభావం గంటల్లో మారిపోతుంది. పైగా నిటారు కొండల్లో కొన్ని వాలులు రాడార్ నీడలో పడిపోతాయి. ఫలానా వాలులో ఏ పొర బలహీనంగా ఉందో కచ్చితంగా చెప్పడం దానివల్ల కాదు. అది తెలియాలంటే ఇప్పటికీ పార పట్టుకుని గొయ్యి తవ్వి చూడాల్సిందే. అడుగు వేసినప్పుడు కింద 'వుఫ్' మని కూలిన చప్పుడు వచ్చినా, స్కీ ముందు పగులు పాకినా వెనక్కి తిరగాలి. అదే మంచు ఇచ్చే హెచ్చరిక.

హెచ్చరిక చదవడం ఎలా?

మన దగ్గర మంచు చరియల అంచనాలు ఇచ్చేది చండీగఢ్‌లోని డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్ఈ. ప్రధానంగా సైన్యం కోసం. ఇది పర్యాటకుల గొడవ మాత్రమే కాదు మరి. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియలకు బలైన పదిమంది జవాన్లలో కర్నూలు జిల్లావాసి ఒకరు.

మంచులో కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి 10-15 నిమిషాల్లోనే ఎక్కువ. బయటి సాయం అంతలోగా రావడం కష్టం. అందుకే బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా సిగ్నల్ పంపే బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలంటారు.

మన టూరిస్టులు పొరపడేది ఇక్కడే. హెచ్చరికలో జిల్లా పేరుతో పాటు ఎత్తు కూడా ఇస్తారు. గుల్‌మర్గ్ హోటళ్లు ఉన్నది సుమారు 2,650 మీటర్ల దగ్గర. '2,800 మీటర్ల పైన ప్రమాదం' అని ఉంటే, హోటల్ ముందు ఎండ కాస్తున్నా సరే, గండోలా రెండో దశ తీసుకెళ్లేది ఆ ప్రమాదం ఉన్న ఎత్తుకే.