మడిలో తేటనీరు – చవుడునేల పరీక్ష



బందరు కాలువనీటిని కుండలో బట్టి పటిక త్రిప్పినచో కొంతసేపటికి బురద దిగి నీరు తేరును. అదే కుండలో కరగిన ఉప్పు మాత్రము ఎన్నినాళ్లుంచినను అడుగునకు దిగదు. ఈ భేద మెరిగినవారికి చవుడునేలను బాగుచేయు మార్గము సులభముగా బోధపడును.

ఉప్పు నీట కరగి, వడబోతగుడ్డకు చిక్కని సూక్ష్మకణములుగా విడిపోవును. ఇది ద్రావణము. బంకమన్ను కరగదు. మిల్లీమీటరులో 500వ వంతునకు మించని దాని కణములలో మిక్కిలి సన్ననివి నీట దేలుచుండును. జిగురువంటి పదార్థములకు 1861లో థామస్ గ్రేహాము అను శాస్త్రజ్ఞు డిడిన 'కొల్లాయిడు' అను పేరే నేడు ఇట్టి మిశ్రమమునకును వాడుకలో నున్నది.

మన్నుకణములు ఋణవిద్యుత్తు గలవగుటచే ఒకదాని నొకటి నెట్టుకొనును. పటికలోని అల్యూమినియము తన ధనవిద్యుత్తుచే ఆ నెట్టుబాటు నణచగా, కణములు గుంపుగూడి దిగును. ఉప్పు మిక్కుటమైనచో అదియు నీ పనియే చేయును. హంసలదీవి యొద్ద కృష్ణనీరు కడలిని గలియుచోట ఒండ్రు దిగుటకు ఇదియు నొక కారణము.

కావున చవుడుమడిలో నీరు తేటగా నున్నంతమాత్రమున ఉప్పు పోయెనని తలంపరాదు. ఉప్పున్నందుననే అది తేరియుండవచ్చును. తొలిదినములలో గుడివాడ దిగువ నొక రైతునకు తేటనీటిని జూచియే నాట్లు వేయుమని సలహా యిచ్చితిని. పైరు మాడిపోయెను. ఆ సిగ్గు నేటికిని మరువలేదు.

1977 నవంబరు 19వ తేది ఉప్పెనలో దివిసీమ పొలములు ఉప్పునీట మునిగెను. అట్టి నేలలను మంచినీటితో కడిగిన ఉప్పు పోవును గాని, కాల్షియము చాలనిచోట సోడియము మన్నుకణముల నంటి నిలుచును. అప్పుడు కణములు విడివడి నేలరంధ్రములను పూడ్చును. నీరింకదు, ఎండిన పెచ్చుగట్టి మొలకను రానీయదు. పాలచౌడు పోయి కారుచౌడు వచ్చును.

ఎండిన మట్టిపెళ్లను శనగగింజంత దీసికొని, గాజుగ్లాసులోని వాననీట మెల్లగా విడిచి, మరునాటివరకు కదల్పకుడు. పెళ్ల విరిగిన భయము లేదు. చుట్టును పాలవలె మబ్బు క్రమ్మినచో సోడియదోషమును శంకింపవలెను. ఉప్పు మిగిలియున్న మట్టి ఇందు తేటగానే యుండవచ్చును గనుక భూసారపరీక్ష తప్పదు.

పరీక్షలో తేలిన మోతాదున జిప్సమును మట్టిలో కలియదున్ని, మంచినీరు నిలిపి తీసివేయవలెను. జిప్సములోని కాల్షియము సోడియమును త్రోసి ఆ చోట నిలుచును. ఆ సోడియము నీటితో పోవుటకు మురుగుకాలువ లేనిచో పెట్టిన సొమ్మును శ్రమయు వ్యర్థము. ఒక్కరి మురుగు వేరొకరి చేనిలోనికి పోరాదు. కావున ఒక మురుగుకాలువ క్రింది సభ్యు లందరును గూడి ముందు కాలువను త్రవ్వించి, పిదప జిప్సమును తెప్పించుకొనుడు.